డొమైన్ కొన్నారు, హోస్టింగ్ కొన్నారు, సైట్ మాత్రం రావట్లేదా? నేమ్ సర్వర్ల పని ఇలా చేసుకోండి

డొమైన్ ఒక కంపెనీలో, హోస్టింగ్ ఇంకో కంపెనీలో, మెయిల్ ఏమో గూగుల్ వర్క్‌స్పేస్‌లో. చిన్న వ్యాపారాల్లో చాలామంది పరిస్థితి ఇదే. ఎప్పుడో తెలిసిన కుర్రాడెవరో సెట్ చేసి వెళ్ళిపోయుంటాడు, ఇప్పుడు సైట్ కొత్త హోస్టింగ్‌కి మార్చాలంటే ఎక్కడ నొక్కాలో ఇంట్లో ఎవరికీ తెలీదు, హోస్టింగ్ వాళ్ళని అడిగితే "మా నేమ్ సర్వర్లు పెట్టేయండి సార్, అంతే" అంటారు, పెట్టేస్తే సైట్ వస్తుంది, సాయంత్రానికల్లా మెయిల్స్ ఆగిపోతాయి.

ఆ గోల లేకుండా ఎలా చేసుకోవాలో వరసగా రాస్తున్నా. కోడింగ్ రానక్కర్లేదు. ఒక్క ముక్క మాత్రం ముందే బుర్రలో పెట్టుకోండి: మీ డొమైన్‌కి నేమ్ సర్వర్లు (ఆ పేరు గురించి ఎవరడిగినా జవాబు చెప్పే సర్వర్లు) ఎవరివైతే రికార్డులు (అంటే ఆ జవాబులు) వాళ్ళ ప్యానెల్లోనే, అంటే లాగిన్ అయితే వచ్చే సెట్టింగ్స్ పేజీలోనే, మార్చాలి, ఇంకెక్కడ మార్చినా దాన్ని ఎవరూ చదవరు. నాకు కనిపించిన సమస్యల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి, రిజిస్ట్రార్ (డొమైన్ కొన్న కంపెనీ) ప్యానెల్లో రికార్డు మార్చేసి రెండ్రోజులు ఎదురుచూస్తుంటారు, నేమ్ సర్వర్లేమో క్లౌడ్‌ఫ్లేర్ అనే వేరే కంపెనీవి.

అసలు పేరు కొడితే ఏం జరుగుతుంది

దీన్ని త్వరగా చెప్పేస్తా. ఇక్కడంతా మీ డొమైన్ పేరు "మీపేరు డాట్ ఇన్" అనుకుందాం. ఎవరో ఫోన్లో ఆ పేరు కొట్టారు. ఫోన్‌కి ఆ సైట్ ఏ సర్వర్లో ఉందో తెలీదు కాబట్టి రిజాల్వర్‌ని, అంటే పేరుకి అడ్రస్ వెతికిపెట్టే సర్వర్‌ని, అడుగుతుంది, అది జియో వాళ్ళదో ఎయిర్‌టెల్ వాళ్ళదో ఉంటుంది, లేదా గూగుల్ 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 లాంటిది. రిజాల్వర్ దగ్గర జవాబు లేకపోతే అది ఊరికి కొత్తగా వచ్చిన చుట్టం ఇల్లు వెతుక్కున్నట్టు అడుగుతూ పోతుంది: ముందు రూట్ సర్వర్లు (ఏ నుంచి ఎం దాకా 13 పేర్లతో ఉంటాయి, ఒక్కో పేరు వెనక ప్రపంచమంతా బోలెడు మెషీన్లు), అవి "డాట్ ఇన్ అయితే ఆ సర్వర్లని అడుగు" అంటాయి, డాట్ ఇన్ సర్వర్లు "మీపేరు సంగతి ఫలానా నేమ్ సర్వర్లకి తెలుసు" అంటాయి, ఆ నేమ్ సర్వర్లు మాత్రమే అసలు ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్లో సర్వర్‌కి ఉండే నంబరు) చెప్తాయి. చెప్పిన జవాబుని రిజాల్వర్ కొంతసేపు తన దగ్గర దాచుకుంటుంది. దాన్నే క్యాష్ అంటారు, ఎంతసేపు దాచుకోవాలో చెప్పే అంకె టిటిఎల్, అది సెకన్లలో ఉంటుంది.

ఇందులో గమనించాల్సింది, డాట్ ఇన్ వాళ్ళ దగ్గర (మన దేశంలో ఆ రిజిస్ట్రీ బాధ్యత నిక్సీది) మీ సైట్ ఐపీ ఉండదు, నేమ్ సర్వర్ల పేర్లే ఉంటాయి. రిజిస్ట్రార్ అంటే ఆ పేర్లని అక్కడ రాయించగలిగే కంపెనీ. హోస్టింగ్ అంటే సైట్ ఫైళ్ళు ఉండే చోటు. రిజిస్ట్రార్, నేమ్ సర్వర్లు, హోస్టింగ్, ఈ మూడూ ఒకే కంపెనీ ఇవ్వొచ్చు, మూడు వేరే కంపెనీలూ ఇవ్వొచ్చు.

ఇదంతా 1983లో పాల్ మొకపెట్రిస్ డిజైన్ చేసిన పద్ధతి, దీన్నే డిఎన్‌ఎస్ అంటారు. దానికి ముందు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు అన్ని కంప్యూటర్ల పేర్లూ ఒకే ఫైల్లో రాసి ఉంచేవాళ్ళు, మిగతావాళ్ళు దాన్ని కాపీ చేసుకునేవాళ్ళు. ఆ ఫైల్ వారసుడు మీ కంప్యూటర్లో ఇప్పటికీ ఉంది, కాసేపట్లో మనకి పనికొస్తుంది కూడా.

1. ఏది ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి

బ్రౌజర్లో డిఎన్‌ఎస్ డాట్ గూగుల్ తెరవండి. మీ డొమైన్ పేరు కొట్టి, టైప్ దగ్గర ఎన్‌ఎస్ (నేమ్ సర్వర్) అని పెట్టి అడగండి. వచ్చిన పేర్లు చూస్తేనే చాలాసార్లు తెలిసిపోతుంది. డొమైన్‌కంట్రోల్ డాట్ కామ్ అని ఉంటే గోడాడీ, డిఎన్‌ఎస్ హైఫన్ పార్కింగ్ అని ఉంటే హోస్టింగర్, పేరులో ఏడబ్ల్యూఎస్‌డిఎన్‌ఎస్ అని ఉంటే అమెజాన్, చివర్లో ఎన్‌ఎస్ డాట్ క్లౌడ్‌ఫ్లేర్ డాట్ కామ్ ఉంటే క్లౌడ్‌ఫ్లేర్. ఆ కంపెనీ లాగిన్ మీ దగ్గరుందా? లేకపోతే ముందు అది సంపాదించండి, పాత డెవలపర్‌కి ఫోన్ చేయండి, ఇది లేకుండా ముందుకెళ్ళి లాభం లేదు.

తర్వాత హూఈజ్ (డొమైన్ రిజిస్ట్రేషన్ వివరాలు చూపించే సర్వీసు) చూడండి, అక్కడ రిజిస్ట్రార్ ఎవరో, గడువు ఎప్పుడో ఉంటుంది. స్టేటస్ లైన్లో క్లయింట్ హోల్డ్ అనో సర్వర్ హోల్డ్ అనో కనిపిస్తే మీరు ఏ రికార్డు మార్చినా సైట్ రాదు, డొమైన్‌నే ఆపేసి ఉంచారని అర్థం. డాట్ కామ్ లాంటివి కొత్తగా కొన్నవాళ్ళకి ఎక్కువగా జరిగేది ఏంటంటే, కొన్నాక ఈమెయిల్ వెరిఫై చేయమని ఒక లింక్ వస్తుంది, అది స్పామ్‌లో పడిపోతుంది, 15 రోజుల్లో నొక్కకపోతే డొమైన్ ఆగిపోతుంది. లింక్ మళ్ళీ పంపించుకుని నొక్కితే సరిపోతుంది.

అదే డిఎన్‌ఎస్ డాట్ గూగుల్లో టైప్ దగ్గర ఎంఎక్స్ పెట్టి కూడా అడగండి. మీ మెయిల్ ఎక్కడికి వెళ్తోందో తెలుస్తుంది.

2. ఏం మార్చాలో తేల్చుకోండి: రికార్డా, నేమ్ సర్వర్లా

హోస్టింగ్ వాళ్ళు నేమ్ సర్వర్లు మార్చమనే చెప్తారు, ఎందుకంటే వాళ్ళకి అదే ఈజీ, అన్నీ వాళ్ళ ప్యానెల్లోకి వచ్చేస్తాయి. కానీ నేమ్ సర్వర్లు మార్చారంటే సైట్ ఒక్కటే కాదు, మెయిల్, సబ్‌డొమైన్లు (షాప్ డాట్ మీపేరు డాట్ ఇన్ లాంటివి), వెరిఫికేషన్లు అన్నిటి జవాబులూ ఒకేసారి కొత్త చోటు నుంచి వస్తాయి. కొత్త చోట మెయిల్ రికార్డులు లేకపోతే మెయిల్ పోయినట్టే.

నా సలహా: మెయిల్ నడుస్తున్న డొమైన్ అయితే నేమ్ సర్వర్లు కదపకండి, ఇంగ్లీషు అక్షరం "ఏ" పేరుతో ఉండే రికార్డు (సైట్ ఐపీ ఉండేది) ఒక్కటి మార్చండి, కొత్త హోస్టింగ్ ఐపీ అడిగి తీసుకోండి, ఇస్తారు. కొత్తగా కొన్న డొమైన్, ఇంకా మెయిల్ ఏమీ లేదు అనుకుంటే నేమ్ సర్వర్లు మార్చేసినా నష్టం లేదు. ఇప్పుడున్న డిఎన్‌ఎస్ కంపెనీ ప్యానెల్ మరీ దరిద్రంగా ఉంటే కూడా మార్చొచ్చు, కాకపోతే పద్ధతిగా, అది 6లో చెప్తా.

3. ఉన్న రికార్డులన్నీ రాసి పెట్టుకోండి

ప్యానెల్లో ఎక్స్‌పోర్ట్ ఉంటే ఆ ఫైల్ దించుకోండి, లేకపోతే స్క్రీన్‌షాట్లు తీయండి, పొడుగ్గా ఉన్న విలువల్ని మాత్రం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టండి ఎందుకంటే స్క్రీన్‌షాట్‌లో సగం తెగిపోతాయి. ఏది ఏంటో:

"ఏ" అనే రికార్డు పేరుని ఐపీకి చూపిస్తుంది, ఉదాహరణకి 203.0.113.25 అనుకోండి. ఏఏఏఏ అనేది కొత్తరకం పొడుగు ఐపీకి, అంటే ఐపీవీ6కి. సీనేమ్ ఒక పేరుని ఇంకో పేరుకి చూపిస్తుంది. ఎంఎక్స్ మెయిల్‌కి. టీఎక్స్‌టీలో రకరకాలవి ఉంటాయి, మెయిల్ పంపే హక్కు ఎవరికుందో చెప్పే ఎస్‌పిఎఫ్ అందులోనే ఉంటుంది, గూగుల్‌కో ఫేస్‌బుక్‌కో ఈ డొమైన్ మాదే అని నిరూపించిన కోడ్‌లూ అందులోనే.

డికిమ్ అని ఒకటుంది, మెయిల్ మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపించే సంతకం లాంటిది, దాన్ని జాగ్రత్తగా చూస్కోండి. గూగుల్ వర్క్‌స్పేస్ అయితే మామూలుగా దాని పేరు గూగుల్ డాట్ అండర్‌స్కోర్ డొమైన్‌కీ అని ఉంటుంది, విలువ చాంతాడంత. మామూలుగా బయటనుంచి ఎవరూ మీ సబ్‌డొమైన్ల లిస్టు మొత్తం లాగలేరు, పేరు తెలిస్తేనే అడగగలరు, అందుకే క్లౌడ్‌ఫ్లేర్ లాంటివాళ్ళు "మీ రికార్డులు మేమే స్కాన్ చేసి తెస్తాం" అన్నా ఇలాంటివి కొన్ని మిస్ అవుతాయి. మిస్ అయితే మీ మెయిల్స్ వెళ్తాయి కానీ అవతలివాళ్ళ స్పామ్‌లోకి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ అకౌంట్లకి మెయిల్ పంపేవాళ్ళెవరికైనా ఎస్‌పిఎఫ్ గానీ డికిమ్ గానీ ఉండాలని గూగుల్ రూల్ పెట్టింది, బల్క్‌గా పంపేవాళ్ళకి రెండూ, పైన డిమార్క్ (ఆ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే రికార్డు) కూడా. ఇంకోటి, ఎస్‌పిఎఫ్ రికార్డు డొమైన్‌కి ఒక్కటే ఉండాలి. కొత్త హోస్టింగ్ వాళ్ళది రెండోది పెట్టేస్తే రెండూ పనిచేయవు, ఉన్నదాన్లోనే కలపాలి.

4. ముందురోజే టిటిఎల్ తగ్గించండి

ఇది చేసేవాళ్ళు తక్కువ, కానీ చేస్తే పని హాయిగా అయిపోతుంది. మార్చబోయే "ఏ" రికార్డు టిటిఎల్ 86400 ఉందనుకోండి, అంటే ఒక రోజు. మార్చిన తర్వాత కూడా కొంతమందికి రోజంతా పాత ఐపీనే వస్తుంది. అదే ముందురోజు దాన్ని 300 చేసి పెడితే, పాత 86400 గడువు గడిచిపోయాక అందరి దగ్గరా అయిదు నిమిషాల క్యాషే ఉంటుంది. అప్పుడు ఐపీ మార్చితే అయిదు పది నిమిషాల్లో దాదాపు అందరికీ కొత్తది వస్తుంది, ఏదన్నా తేడా వస్తే వెనక్కి మార్చినా అంతే టైమ్. మార్చే రోజునే తగ్గిస్తే మాత్రం ఉపయోగం లేదు, పాత టిటిఎల్‌తో దాచుకున్నవాళ్ళు ఆ గడువు దాకా మళ్ళీ అడగరు.

5. మార్చకముందే కొత్త సర్వర్లో సైట్ చూస్కోండి

ఇందాక చెప్పిన పాత ఫైల్ ఇదే. విండోస్‌లో సి డ్రైవ్, విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్లోకి వెళ్తే హోస్ట్స్ అనే ఫైల్ ఉంటుంది. నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా ఓపెన్ చేసి అందులోంచి ఈ ఫైల్ తెరవండి, చివర్లో కొత్త లైన్లో కొత్త ఐపీ, ఒక స్పేస్, మీ డొమైన్ పేరు రాసి సేవ్ చేయండి, మూడు డబ్ల్యూలతో కూడా ఇంకో లైన్ రాయండి. ఇప్పుడు ప్రపంచమంతా పాత సైట్ చూస్తుంటే మీ కంప్యూటర్ ఒక్కటే కొత్త సర్వర్‌కి వెళ్తుంది. పేజీలన్నీ తిరిగి చూడండి, ఫారాలు నింపి చూడండి, ఫొటోలు వస్తున్నాయో లేదో చూడండి. సర్టిఫికెట్ ఎర్రర్ (సైట్ సురక్షితం కాదని బ్రౌజర్ ఇచ్చే హెచ్చరిక) వస్తే కంగారు పడొద్దు, డిఎన్‌ఎస్ మారేదాకా చాలా హోస్టింగ్‌లు సర్టిఫికెట్ తీసుకోలేవు. చూశాక ఆ లైన్లు తీసేయడం మర్చిపోకండి, లేకపోతే రేపు అందరికీ సైట్ పోయినా మీకు మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తూ ఉంటుంది.

6. ఇక మార్చండి

రికార్డు ఒక్కటే మార్చేవాళ్ళకి: నేమ్ సర్వర్లు ఉన్న ప్యానెల్లోకి వెళ్ళి, పేరు దగ్గర అట్ గుర్తు ఉన్న ఏ రికార్డు ఎడిట్ చేసి కొత్త ఐపీ పెట్టండి. అట్ గుర్తు అంటే ముందు ఏమీ లేని మీ డొమైన్. పాత ఏ రికార్డు అలాగే ఉంచి కొత్తది ఇంకోటి యాడ్ చేయకండి, రెండు ఐపీలు ఉంటే జనం సగం అటు సగం ఇటు పోతారు. మూడు డబ్ల్యూల పేరుకి సీనేమ్ పెట్టి మీ డొమైన్‌కి చూపించండి. అట్ గుర్తుకి మాత్రం సీనేమ్ పెట్టడానికి రూల్ ఒప్పుకోదు, ఎందుకంటే సీనేమ్ ఉన్న పేరుకి ఎంఎక్స్, ఎన్‌ఎస్ లాంటి వేరే రికార్డులు ఉండకూడదు, అట్ దగ్గర ఎన్‌ఎస్ ఉండి తీరాలి. కొన్ని కంపెనీలు అలియాస్ అనో ఫ్లాటెనింగ్ అనో దానికి దారి చూపిస్తాయి, ఉంటే వాడుకోండి. బ్లాగ్‌స్పాట్ బ్లాగ్‌కి సొంత డొమైన్ పెట్టుకునే వాళ్ళకి కూడా ఇంతే, మూడు డబ్ల్యూలకి సీనేమ్ జీహెచ్‌ఎస్ డాట్ గూగుల్ డాట్ కామ్, అట్ గుర్తుకి గూగుల్ ఇచ్చే నాలుగు ఏ రికార్డులు.

పేరు గడిలో పూర్తి డొమైన్ కొట్టకండి. చాలా ప్యానెళ్ళు వెనక డొమైన్ తామే తగిలిస్తాయి, మీరు షాప్ డాట్ మీపేరు డాట్ ఇన్ అని కొడితే అది షాప్ డాట్ మీపేరు డాట్ ఇన్ డాట్ మీపేరు డాట్ ఇన్ అయి కూర్చుంటుంది. షాప్ అని కొడితే చాలు.

ఇప్పుడు ఏఏఏఏ సంగతి. పాత హోస్టింగ్ వాళ్ళు ఎప్పుడో ఏఏఏఏ రికార్డు పెట్టి ఉంటారు, మీరు "ఏ" రికార్డు మార్చి దాన్ని వదిలేస్తారు. అప్పుడు ఏమవుతుందంటే ఆఫీస్ బ్రాడ్‌బ్యాండ్‌లో కొత్త సైట్, జియో ఫోన్లో పాత సైట్. జియో నెట్‌వర్క్ ఎక్కువగా ఐపీవీ6 మీద నడుస్తుంది, ఐపీవీ6 ఉన్న ఫోన్ ముందు ఏఏఏఏ అడ్రస్‌కే పోతుంది. మీరేమో క్యాష్ అనుకుని ఎదురుచూస్తారు, ఎన్నాళ్ళు చూసినా అది మారదు. కొత్త హోస్టింగ్ ఐపీవీ6 ఇస్తే అది పెట్టండి, ఇవ్వకపోతే ఏఏఏఏ డిలీట్ చేసేయండి.

నేమ్ సర్వర్లే మార్చేవాళ్ళకి వరస వేరు. ముందు కొత్త చోట డొమైన్ యాడ్ చేసి 3లో రాసుకున్నవన్నీ అక్కడ ఎక్కించండి, పాత ఐపీలతోనే, అంటే రెండు చోట్లా ఒకటే జవాబు ఉండాలి. తర్వాత రిజిస్ట్రార్ దగ్గర డిఎన్‌ఎస్‌సెక్ (జవాబు నకిలీది కాదని చూపించే డిజిటల్ సంతకం) ఆన్‌లో ఉందేమో చూడండి, ఉంటే ముందు దాన్ని ఆఫ్ చేసి ఒకట్రెండు రోజులు ఆగండి. ఇది వదిలేసి నేమ్ సర్వర్లు మార్చితే పాత తాళం గుర్తు రిజిస్ట్రీలోనే ఉండిపోయి, 8.8.8.8 లాంటి రిజాల్వర్లు కొత్త జవాబుని నమ్మవు, సైటూ మెయిలూ రెండూ పోతాయి, అదీ కొంతమందికే, అందుకే కారణం దొరకబట్టడం కష్టం. ఇవన్నీ అయ్యాక రిజిస్ట్రార్ ప్యానెల్లో నేమ్ సర్వర్స్, కస్టమ్ అని ఉండే చోట పాతవి పూర్తిగా తీసి కొత్తవి రెండూ పెట్టండి. పాతది ఒకటి కొత్తది ఒకటి కలపకండి.

డాట్ కామ్‌లో నేమ్ సర్వర్ల సమాచారానికి టిటిఎల్ 1,72,800 సెకన్లు, సరిగ్గా రెండు రోజులు. హోస్టింగ్ వాళ్ళు చెప్పే "48 గంటలు ఆగండి" ఇక్కడ వర్తిస్తుంది. ఈ అంకెని మీరు తగ్గించలేరు, అందుకే ఆ రెండు రోజులూ పాత చోట రికార్డులు అలాగే ఉండాలి, కొంతమంది ఇంకా అక్కడే అడుగుతుంటారు. రెండు రోజులు దాటాక ఐపీ కొత్తదానికి మార్చుకోండి. సైట్ మార్పు, నేమ్ సర్వర్ మార్పు ఒకే రోజు పెట్టుకుంటే ఏది వల్ల ఏది చెడిందో తేల్చలేక తల పట్టుకుంటారు. ఇంకో మాట, సంక్రాంతి ఆఫర్ పెట్టిన వారంలోనో శుక్రవారం సాయంత్రమో ఈ పని అస్సలు పెట్టుకోకండి.

7. రాకపోతే: ఎదురుచూడటం కాదు, అడగండి

క్యాష్ మీద నెట్టేసి ఊరుకోవద్దు. అసలు నేమ్ సర్వర్‌నే డైరెక్ట్‌గా అడిగితే అక్కడ క్యాష్ ఉండదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్‌ఎస్‌లుకప్ అని ఇంగ్లీషులో కొట్టి, స్పేస్ ఇచ్చి మీ డొమైన్, మళ్ళీ స్పేస్ ఇచ్చి నేమ్ సర్వర్ పేరు కొట్టండి. అది కొత్త ఐపీ చెప్తే మీ పని సరిగ్గానే ఉంది, మిగతాది టిటిఎల్ చూసుకుంటుంది. అది కూడా పాతదే చెప్తే మీరు వేరే ప్యానెల్లో మార్చారు లేదా సేవ్ నొక్కలేదు, ఎన్ని రోజులు ఆగినా రాదు.

బ్రౌజర్ చూపించే ఎర్రర్‌ని బట్టి కూడా చాలా తెలుస్తుంది. ఎన్ఎక్స్‌డొమైన్ అని కనిపిస్తే ఆ పేరే లేదని, స్పెల్లింగ్ చూడండి, డొమైన్ గడువు చూడండి. డిఎన్‌ఎస్ డాట్ గూగుల్లో అడిగితే సర్వ్‌ఫెయిల్ అని వస్తే డిఎన్‌ఎస్‌సెక్ తేడా, లేదా కొత్త నేమ్ సర్వర్లలో డొమైన్ యాడ్ చేయనేలేదు. హోస్టింగ్ కంపెనీ వాళ్ళ డిఫాల్ట్ పేజీ కనిపిస్తే డిఎన్‌ఎస్ పని అయిపోయింది, సర్వర్‌కి మీ పేరు తెలీదంతే: ఒకే ఐపీ మీద వందల సైట్లు ఉంటాయి, బ్రౌజర్ పంపిన పేరు చూసి సర్వర్ ఏ సైట్ ఇవ్వాలో తేలుస్తుంది, కాబట్టి హోస్టింగ్ ప్యానెల్లో డొమైన్ యాడ్ చేయండి. సర్టిఫికెట్ ఎర్రర్ అయితే హోస్టింగ్ ప్యానెల్లో ఎస్‌ఎస్‌ఎల్ దగ్గరకెళ్ళి మళ్ళీ ఇష్యూ చేయించండి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితమే. క్లౌడ్‌ఫ్లేర్ వాడేవాళ్ళకి నారింజ మబ్బు గుర్తు (సైట్‌కి వచ్చేవాళ్ళని క్లౌడ్‌ఫ్లేర్ మీదుగా పంపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే బయట కనిపించేది క్లౌడ్‌ఫ్లేర్ ఐపీనే, మీది కాదు, అది చూసి హడావిడి పడకండి.

మీ ఒక్కరికే పాతది వస్తుంటే వైఫై ఆపి మొబైల్ డేటాలో చూడండి, ఆ తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డిఎన్‌ఎస్ కొట్టండి. గూగుల్ పబ్లిక్ డిఎన్‌ఎస్‌కి, క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1కి క్యాష్ తుడిచే పేజీలు కూడా ఉన్నాయి, మీ పేరు ఇచ్చి నొక్కితే అయిపోతుంది. ఒక చిన్న చిట్కా, కొత్త సబ్‌డొమైన్ పెట్టేటప్పుడు రికార్డు సేవ్ చేయకముందు బ్రౌజర్లో కొట్టి చూడకండి, "అలాంటి పేరు లేదు" అనే జవాబు కూడా క్యాష్‌లో ఉండిపోతుంది, తర్వాత రికార్డు పెట్టినా కాసేపు రాదు.

తెలుగులో డాట్ భారత్ పేరు కొన్నవాళ్ళకి కూడా ఇదే పద్ధతి, కాకపోతే డిఎన్‌ఎస్ లోపల ఆ పేరు ఎక్స్‌ఎన్ హైఫన్ హైఫన్‌తో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల రూపంలో ఉంటుంది. కొన్ని ప్యానెళ్ళు తెలుగు అక్షరాలు తీసుకోవు, అక్కడ ఆ రూపమే పేస్ట్ చేయాలి, రిజిస్ట్రార్ దగ్గర అది కనిపిస్తుంది.

8. అయ్యాక చేయాల్సినవి

బయట అకౌంట్ నుంచి మీకు ఒక మెయిల్ పంపించుకోండి, మీరు తిరిగి జీమెయిల్‌కి ఒకటి పంపండి, జీమెయిల్లో ఆ మెయిల్ తెరిచి మూడు చుక్కల మెనూలో షో ఒరిజినల్ నొక్కితే ఎస్‌పిఎఫ్, డికిమ్ పక్కన పాస్ అని ఉండాలి. టిటిఎల్ 300 ఉన్నదాన్ని మళ్ళీ 3600కి పెంచండి. ఆఫ్ చేసిన డిఎన్‌ఎస్‌సెక్ కావాలంటే కొత్త కంపెనీ ఇచ్చే డిఎస్ రికార్డుతో (ఇందాక చెప్పిన తాళం గుర్తు ఇదే) మళ్ళీ ఆన్ చేసుకోండి. రిజిస్ట్రార్ అకౌంట్‌కి వెళ్ళి అందులో ఉన్న ఫోన్ నంబరు, మెయిల్ మీవేనా చూడండి, ఆ మెయిల్ ఇదే డొమైన్ మీద ఉంటే జీమెయిల్‌కి మార్చండి, రేపు డొమైన్ ఆగిపోతే పాస్‌వర్డ్ రీసెట్ కూడా రాదు. ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉంచండి, కార్డు గడువు కూడా చూస్కోండి.

పాత హోస్టింగ్‌ని వెంటనే క్యాన్సిల్ చేయకండి, ఒక వారం ఉంచండి. ఆ లోపు అందులో మెయిల్ బాక్సులు ఏమైనా ఉంటే పాత మెయిల్స్ దించుకోండి, డేటాబేస్ బ్యాకప్ ఒకటి తీసుకోండి, మార్చే టైమ్‌లో పాత సైట్ ఫారంలో ఎవరైనా ఆర్డర్ పెట్టారేమో చూసి వాళ్ళకి ఫోన్ చేయండి, అప్పుడు క్యాన్సిల్ నొక్కండి.